పన్నెండో మిషన్, పదో బటన్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే పాట: "ఏ పార్టీ చూసినా అంతే కదా సార్." అందుకే ఈ పేజీ మొత్తం ఓట్లకూ పార్టీలకూ ఇచ్చేస్తున్నాను. పాసుబుక్కుల గురించి, పింఛన్ల గురించి అడిగినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: పోయిన ఎన్నికల్లో మా ఇంట్లో నలుగురం అనుకుని మరీ నోటా (ఎవరికీ ఓటు వద్దనే బటన్) నొక్కాం. మా మేనమామ మాత్రం "నాలుగు ఓట్లూ గోదాట్లో కలిపారు" అని ఇప్పటికీ దెప్పుతున్నాడు. నోటా వల్ల ఏమీ ఉపయోగం లేదా సార్?
– కె.ఆర్., తణుకు

మీ మేనమామగారి మాటలో సగం నిజం ఉంది. నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా ఎన్నిక రద్దు కాదు. దాని తర్వాత ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళే గెలిచినట్టు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి కదా, ఆ లెక్క వేసేటప్పుడు కూడా నోటాను పక్కన పెట్టేస్తారు.

మిగతా సగం చెప్తాను. నేను బడిలో సోషల్ చెప్పుకుంటూ ఎన్నికల డ్యూటీలు చేసిన తొలి రోజుల్లో నోటా లేదు, 49-ఓ అనే నిబంధన ఉండేది. ఓటరు వేలికి సిరా పెట్టించుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టాక, "నేను ఎవరికీ వెయ్యను" అని నోరు తెరిచి చెప్పాలి. మేం దాన్ని ఆ రిజిస్టర్లోనే రాసి, పక్కన మళ్ళీ సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. బల్లకు అవతల అన్ని పార్టీల ఏజెంట్లూ కూర్చుని ఉంటారు. ఎవరా అని అందరూ తలలు తిప్పి చూస్తారు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అంత ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు, ఎవరికీ వేయనన్న వాడికి కూడా రహస్యం ఉండాలని తీర్పు చెప్పింది. మీ నలుగురూ నొక్కిన బటన్ అలా వచ్చింది.

2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి ఆఖరు రోజున నామినేషన్ వెనక్కి తీసుకుని బీజేపీలో చేరిపోయాడు. ఓటు వేయడానికి మనిషే లేకపోయేసరికి 2 లక్షల 18 వేల మంది పైగా నోటా నొక్కారు. గెలిచినాయనకు 12 లక్షలు దాటి వచ్చాయి, ఆయన హాయిగా పార్లమెంటుకు వెళ్ళారు. కానీ కండువా మార్చినవాడి మీద ఎంతమందికి మండిందో లెక్క కాగితం మీదికి ఎక్కింది. నోటా చేసేది అంతవరకే. కోపం ఉందని చెప్తుంది, ఎందుకో చెప్పదు. ఆ ఎందుకో మీ ఇంటి నలుగురూ మీ ఎమ్మెల్యేకు ఒక కాగితం మీద రాసిస్తే, మీ మేనమామ నోరు మూయించవచ్చు.

ప్రశ్న: 2019లో నిజామాబాద్ పార్లమెంటుకు పోటీ చేసిన పసుపు రైతుల్లో మా నాన్న ఒకరు. 25 వేల డిపాజిట్ పోయింది. ఇప్పుడు నా ఫ్రెండ్స్ "అదంతా ఒక పార్టీని ఓడగొట్టడానికి ఇంకో పార్టీ ఆడించిన డ్రామా" అంటారు. నాన్న ఏమీ మాట్లాడరు. నాకు బాధగా ఉంటుంది. ఆ పోటీ వల్ల ఏమైనా జరిగిందా?
– ఒక అమ్మాయి, మెట్‌పల్లి దగ్గర

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ఎన్నికలో నేనూ డ్యూటీలో ఉన్నాను కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆర్మూరు దగ్గర రైతులు హైవే మీద కూర్చున్నారు. వాళ్ళు అడిగినవి మూడే మూడు: పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500, నిజామాబాద్‌లో పసుపు బోర్డు. పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, కాడి (పొడుగు కొమ్ములు) వేరు గోళ (గుండ్రటి దుంపలు) వేరు చేసి మార్కెట్ యార్డుకు తెచ్చాక, కొనేవాడు చెప్పిన రేటుకు బస్తాలు దించి రావాలి. ఆ సంగతి మీ ఇంట్లో నేను చెప్పాల్సిన పనిలేదు. అన్ని పార్టీల వాళ్ళూ బోర్డు తెస్తామన్నారు, ఎవరూ తేలేదు. దాంతో రైతులు పార్టీల గడప తొక్కడం మానేసి నామినేషన్లు వేశారు. బరిలో మిగిలిన 185 మందిలో 178 మంది రైతులే. కొందరు వారణాసి దాకా వెళ్ళి ప్రధానమంత్రి మీద కూడా నామినేషన్లు వేయబోయారు. అక్కడ చాలా వరకు తిరస్కరించారు.

పాత మిషన్లు 64 పేర్ల వరకే పనిచేస్తాయి. అందుకని కొత్త రకం తెప్పించి, ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా కలిపారు. ట్రైనింగ్‌లో వాటిని చూసి మా స్టాఫ్‌కు మొదలైన టెన్షన్ ఏప్రిల్ 11 సాయంత్రం సీలు వేసేదాకా దిగలేదు. తరగతి గదిలో బల్లలు ఎల్ ఆకారంలో జరిపి, వాటి మీద పన్నెండు మిషన్లు పరిచి, చుట్టూ అట్టలు కట్టాం. మాక్ పోల్‌లో ప్రతి పేరూ ఒకసారైనా నొక్కి చూడాలి, అంటే నోటాతో కలిపి 186 సార్లు.

నీ ఫ్రెండ్స్‌కు ఒక సంగతి చెప్పు. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందు రావాలి, ఇండిపెండెంట్లు చివర రావాలి అన్నది రూలు. కాబట్టి కాంగ్రెస్, బీజేపీ, టీఆర్ఎస్ మూడూ మొదటి మిషన్‌లోనే ఉన్నాయి. పార్టీకి వేసేవాడు లోపలికి వెళ్ళి అర నిమిషంలో బయటపడ్డాడు. రైతుకు వేయాలనుకున్నవాడు మాత్రం మిషన్ తర్వాత మిషన్ వెతుక్కుంటూ నడిచాడు. నోటాకు వేయాలంటే పన్నెండో మిషన్‌లో పదో బటన్ దాకా వెళ్ళాలి. ఒక ముసలమ్మ అట్టల వెనక నుంచి తల బయటికి పెట్టి, "నా కొడుకు ఏ డబ్బాల ఉన్నడు బిడ్డా?" అని నన్నే అడిగింది. చెప్పకూడదు. "నెమ్మదిగ అన్నీ చూడు అవ్వా, తొందరేం లేదు" అన్నాను. బయట క్యూ గొణుగుతోంది. ఆమె చాలాసేపు చూసింది. బీప్ వినబడ్డాక మా ఏపీవో (సహాయ ప్రిసైడింగ్ అధికారి) గట్టిగా ఊపిరి వదిలాడు.

ఫలితం నీకు తెలిసిందే. సిట్టింగ్ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కూతురు కవిత 70 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. గెలిచింది బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపరు మీద రాసిచ్చిన మనిషి. రైతుల కోపాన్ని వాడుకున్నారా అంటే వాడుకున్నారు, రాజకీయ నాయకుడు వాడుకోక ఏం చేస్తాడు? కానీ ఎవరో వాడుకున్నంత మాత్రాన రైతుల కోపం నకిలీది అయిపోదు. డ్రామా అనేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

గెలిచాక బోర్డు రాలేదు. 2020లో స్పైసెస్ బోర్డు ప్రాంతీయ ఆఫీసు ఒకటి తెరిచారు. మేం అడిగింది ఇది కాదన్నారు రైతులు. 2023లో జిల్లాలో రోడ్ల పక్కన పసుపు రంగు బోర్డులు లేచాయి, "ఇదే మా ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు" అని వాటి మీద వెటకారం. (ఆ వెటకారానికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.) అదే ఏడాది అసెంబ్లీ ఎన్నికలు తలుపు తడుతుండగా అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 2025 సంక్రాంతి రోజున అది నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది, మన జిల్లా మనిషే మొదటి చైర్మన్. మద్దతు ధర మాత్రం ఇప్పటికీ రాలేదు. ధర నిర్ణయించడం ఆ బోర్డు పని కూడా కాదు, ఎగుమతులు, పరిశోధన, ప్రాసెసింగ్ వంటివి దాని పనులు. 2024లో రేటు 15 వేలు దాటి పోయిందంటే పంట తగ్గినందువల్లే.

అంటే అడిగిన మూడింట్లో ఒకటి, అదీ ఆరేళ్ళకు వచ్చింది. తక్కువే. కానీ మన రెండు రాష్ట్రాల్లో పార్టీల మీద కోపంతో ఓటేసినవాళ్ళు కోట్లమంది ఉంటారు. వాళ్ళల్లో తాము ఏం అడిగారో, అందులో ఏది వచ్చిందో, ఏది రాలేదో వేళ్ళ మీద చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? మీ నాన్నగారు చెప్పగలరు.

ఇంకో ముక్క. ఇది నల్గొండ వాళ్ళు 1996లో వేసిన బాటే. ఫ్లోరైడు నీళ్ళకు ఎముకలు వంకర్లు పోతుంటే ఎవరూ పట్టించుకోలేదని లోక్‌సభకు 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే నెల రోజులు వాయిదా పడింది. దేశమంతా నల్గొండ నీళ్ళ గురించి మాట్లాడింది. ఆ తర్వాత పార్లమెంటు చేసిందేమిటో తెలుసా? 500 రూపాయలున్న లోక్‌సభ డిపాజిట్‌ను 10 వేలు చేసింది, ఇండిపెండెంటుకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలంది. 2010 నుంచి అది 25 వేలు. మీ నాన్న పోగొట్టుకున్న డబ్బు వెనకాల ఇంత కథ ఉంది. ఆయనతో కూర్చుని ఒకసారి ఆ నామినేషన్ రోజు సంగతి అడుగు. మాట్లాడకపోవడానికి కారణం ఓడిపోవడం కాకపోవచ్చు, ఇంట్లో ఎవరూ అడగకపోవడం కావచ్చు.

ప్రశ్న: మా తాత ఎన్టీఆర్ ఫొటోకు ఇప్పటికీ దండ వేస్తారు. మా నాన్న ప్రజారాజ్యం జెండా మోశారు. నేను ఇంకో హీరో పార్టీలో తిరుగుతున్నాను. మా సార్ ఒకాయన "మీదంతా పాపులిజం బ్యాచ్" అన్నారు. తప్పేముంది సార్?
– వి., గుంటూరు

తప్పుందని నేననను. అప్పటి కాంగ్రెస్‌ను చూస్తే మీ తాతగారి కోపానికి వంక పెట్టలేం. 1978 నుంచి 1983 లోపల చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి: ఒక్క అసెంబ్లీకి నలుగురు ముఖ్యమంత్రులు. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో ఢిల్లీ చెప్పేది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ అవమానించిన వార్త ఊరూరా పాకింది. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది, తొమ్మిది నెలలు తిరగ్గానే 294 స్థానాల్లో 200 దాటి గెలిచింది. అప్పుడు నేను కుర్రవాణ్ణి. చైతన్యరథం వస్తోందంటే అర్ధరాత్రి దాకా రోడ్ల మీద పడిగాపులు కాసిన జనాన్ని చూశాను. వాళ్ళను మూర్ఖులంటే ఒప్పుకోను.

మీ సార్ అన్నది ఆ తర్వాతి కథకు వర్తిస్తుంది. పాపులిజం అనే ఆ రాజకీయంలో లోకం రెండు ముక్కలు: ఇటు ప్రజలు, అటు వాళ్ళను దోచేవాళ్ళు. నడిమధ్యన నాయకుడు, ప్రజల గొంతు ఆయనొక్కడిదే. రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, కరణం మునసబుల పెత్తనం పోయింది. మంచివే. ఉద్యోగుల రిటైర్మెంటు వయసు ఒక్క కలంపోటుతో 58 నుంచి 55కు దిగింది. ఊళ్ళల్లో చాలామంది దానికీ చప్పట్లు కొట్టారు, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఉన్నవాళ్ళు మరి.

1984 ఆగస్టులో గవర్నరు ఆ ప్రభుత్వాన్ని కూలదోస్తే జనం రోడ్ల మీదికి వచ్చారు, నెల రోజుల్లో మళ్ళీ ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. 1995 ఆగస్టులో సొంత ఎమ్మెల్యేలే హైదరాబాద్‌లో ఒక హోటల్లో చేరి నాయకుణ్ణి మార్చేసుకున్నారు. ఏడాది కూడా కాలేదు ఓటేసి. ఈసారి ఊళ్ళు కదలలేదు, పేపర్లో చదువుకున్నాయి. మనిషి పేరు మీద వేసిన ఓటు కదా, ఆ మనిషి చేతిలోంచి పార్టీ జారిపోయినప్పుడు ఓటరు పట్టుకోవడానికి ఏమీ లేకపోయింది.

మీ నాన్నగారిది ఇంకా చిన్న కథ. 2008 ఆగస్టులో తిరుపతిలో అంత పెద్ద సభ, 2009లో దాదాపు 16 శాతం ఓట్లు, 18 సీట్లు, 2011కల్లా ఏ కాంగ్రెస్ మీద పోరాడారో అందులోనే విలీనం. జెండా మోసినవాళ్ళను ఎవరైనా అడిగారా? మీరిప్పుడు తిరుగుతున్న పార్టీలో మండల కమిటీని ఎన్నుకుంటారా, పైనుంచి పేర్లు వస్తాయా? ఆ ఒక్క ప్రశ్న మీ మీటింగులో నిలబడి అడగండి. ఏమన్నారో నాకు రాయండి, ఇదే పేజీలో వేస్తాను.

ప్రశ్న: ఫ్రీ పథకాలు ఇవ్వడమే పాపులిజం అని టీవీల్లో అంటున్నారు. నిజమేనా?
– ఎస్., ఖమ్మం

కాదు. బడిలో మధ్యాహ్న భోజనం కూడా ఫ్రీనే, దాన్ని తప్పంటామా? ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పి ఇచ్చేది ఒకటి, "నేను మీకు పెడుతున్నాను, అడ్డొచ్చినవాడు పేదల శత్రువు" అని ఇచ్చేది ఒకటి. డబ్బు మాత్రం రెండు చోట్లా మనదే.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. ఇక్కడ వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ ఊపు చూస్తే నిద్ర పట్టట్లేదు. ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) రావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఇంత మంచి దేశంలో జనానికి ఏమైంది?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్

అయ్యా, జనానికి కొత్తగా ఏమీ కాలేదు. మన దగ్గర జరిగేదే అక్కడ వేరే యాసలో జరుగుతోంది. 2024 జులైలో లేబర్ పార్టీకి వచ్చింది నూటికి 34 ఓట్ల లోపు, సీట్లు మాత్రం 650లో 411. రిఫార్మ్‌కు 14 శాతం దాటి, 40 లక్షలకు పైగా ఓట్లొస్తే దక్కినవి 5 సీట్లు. అంతకన్నా తక్కువ ఓట్లతో లిబరల్ డెమోక్రాట్లకు 72. లేబర్, కన్జర్వేటివ్ రెండు పెద్ద పార్టీలూ కలిసినా 60 శాతం ఓట్లు లేవు. ఎన్నికల లెక్క ఇంత వంకరగా ఉంటే, "వ్యవస్థ మొత్తం మీకు వ్యతిరేకం" అని చెప్పే రిఫార్మ్ నాయకుడు నైజెల్ ఫరాజ్ లాంటివాళ్ళకు కొత్తగా అబద్ధం అల్లాల్సిన పనే ఉండదు. కరెంటు బిల్లు, డాక్టరు అపాయింట్‌మెంటు, అద్దె: అక్కడి మనిషి మంట వీటి మీద. ఆ మంటను మీ లాంటి వలస వచ్చినవాళ్ళ మీదికి తిప్పడంలోనే ఉంది ఆయన నేర్పంతా. పసుపు రైతులు రేటెంతో బోర్డెక్కడో చెప్పి అడిగారు. అక్కడ కోపానికి కారణం ఒకటి, చూపిస్తున్న వేలు ఇంకోవైపు.

మీ భయం ఉత్తది కాదు. 2025 సెప్టెంబరులో రిఫార్మ్, అధికారంలోకి వస్తే ఐఎల్ఆర్‌నే ఎత్తేస్తామంది. దానికి ముందే మే నెలలో లేబర్ ప్రభుత్వం ఐఎల్ఆర్‌కు ఉన్న ఐదేళ్ళ గడువును పదేళ్ళు చేస్తామని ప్రతిపాదించింది. పెద్ద పార్టీలు కోపానికి జవాబు చెప్పలేక, కోపం చూపించేవాడి మాటనే కాపీ కొట్టడం అంటే ఇదే. ఓటరు అసలుండగా నకలుకు ఎందుకు వేస్తాడు?

నిద్ర పట్టకపోతే లేచి ఒక పని చేయండి. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, భారత పాస్‌పోర్టుతోనే, వీసా మీద ఉన్నప్పుడే మీకు అక్కడ ఓటు హక్కు ఉంది. కౌన్సిల్‌కూ వేయొచ్చు, పార్లమెంటుకూ వేయొచ్చు. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలకు కూడా ఉంది. ఓటరు రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అయిపోతుంది. 2025 మేలో రంకార్న్ ఉప ఎన్నికలో రిఫార్మ్ గెలిచింది ఆరే ఆరు ఓట్ల తేడాతో. మీ అపార్ట్‌మెంట్లలో తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో ఎంతమంది రిజిస్టర్ అయ్యారో కనుక్కోండి ముందు.

ప్రశ్న: ఒకప్పుడు తిరుగులేదనుకున్న పార్టీలు మన దగ్గర ఒక్క ఎన్నికతో నేలకు దిగుతున్నాయి. జనం తెలివి మీరారా, విసిగిపోయారా?
– పి., కర్నూలు

విసిగిపోయారనే నా లెక్క. ఆంధ్రలో 2019లో 175లో 151 గెలిచిన వైసీపీకి 2024లో 11. తెలంగాణలో 2018లో 88 గెలిచిన టీఆర్ఎస్‌కు, బీఆర్ఎస్‌గా పేరు మారాక 2023లో 39, ఆ మరుసటి ఏడు లోక్‌సభలో సున్నా. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలో కాంగ్రెస్ అసెంబ్లీలో ఒక్క సీటు కూడా గెలవలేదు. ఇంత పెద్ద ఊపుల్లో ఓటరు ఎవరినో ఇష్టపడి తెచ్చుకున్నట్టు కనబడదు, ఉన్నవాణ్ణి దించడానికి ఎదురుగా ఉన్నవాణ్ణి పట్టుకున్నట్టు కనబడుతుంది. గెలిచినవాళ్ళేమో దాన్ని తమ మీద ప్రేమ అనుకుంటున్నారు. పాత అసెంబ్లీలో వాళ్ళు కూడా అలాగే అనుకున్నారు.

ప్రశ్న: నాకు వచ్చే మార్చిలో 18 నిండుతాయి. ఏ పార్టీ మీదా నమ్మకం లేదు. అయినా ఓటు నమోదు చేయించుకోవాలా?
– ఒక ఇంటర్ విద్యార్థిని, సిరిసిల్ల

చేయించుకోవాలి. 18 నిండాయా అని చూడటానికి ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ చెల్లుతాయి. నీకు మార్చిలో నిండుతాయి కాబట్టి ఏప్రిల్ 1 నీ తేదీ. ఫారం 6 ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు, లేదంటే మీ బీఎల్‌వోకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వు, చాలా ఊళ్ళల్లో అంగన్‌వాడీ టీచరే బీఎల్‌వో. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు కాబట్టి నీ మొదటి ఓటు అక్కడ పడితే ఇంకా మంచిది, మనిషిని చూసి వేయవచ్చు. పేరు, ఇంటి నంబరు తప్పులు లేకుండా చూసుకో. పోలింగ్ రోజున బూతుకు వచ్చి పేరు లేదని ఏడ్చిన పిల్లలు చాలామంది నాకు తెలుసు.